బంధుత్వం, ఉన్నచో...

బ్యాంకులో డిపాజిట్ వేసిన ప్రతివారి చేతికీ మేమొక చిన్న కాగితం ఇస్తాం. నామినేషన్ ఫారం. డిపాజిట్‌దారు కాలం చేస్తే ఆ సొమ్ము ఎవరి చేతికి ఇవ్వాలో చెప్పే కాగితం అది. మా వాళ్లు దాన్ని డీఏ1 అంటారు. ఏళ్ల తరబడి చలామణీలో ఉన్న ఆ ఫారంలో ఒక గడి ఉండేది. దాని మీద ఇంగ్లీషులో ఉన్న మాటల్ని తెలుగు చేస్తే 'డిపాజిట్‌దారుతో బంధుత్వం, ఉన్నచో' అని వస్తుంది. ఆ చివరి 'ఉన్నచో' అనే ముక్కను నేను సర్వీసులో చాలా ఏళ్లపాటు చూశానే గాని చదవలేదు.

2008లో తమిళనాడు సరిహద్దులోని ఒక ఊళ్లో పని చేస్తున్నాను. ఒకరోజు కౌంటరు మూసే వేళకి అరవై దాటిన పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. తమిళంలో మొదలుపెట్టి, బల్ల మీద నా పేరు చూసి తెలుగులోకి దిగాడు. బయటి రాష్ట్రాల్లో పుట్టి పెరిగిన మనకు ఇదొక బలహీనత కదా! తెలుగు మాట చెవిన పడగానే కుర్చీ ముందుకు జరుగుతుంది, 'మీదే ఊరు, మీరు ఎవరి తాలూకు?' అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. ఆయనకీ నాకూ ఆ ముచ్చట్లు అయ్యాయి. కాగితాలన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి ఇచ్చాడు. నామినీగా ఒక మగమనిషి పేరు, అదే చిరునామా. బంధుత్వం గడి మాత్రం ఖాళీ.

"ఈయన మీకేమవుతారండీ?" అన్నాను.

"ఏమీ కాడండీ. కలిసి ఉంటాం. ఇరవై రెండేళ్లయింది."

"ఖాళీగా వదిలేస్తే ఎలా సార్? ఏదో ఒకటి రాయాలి కదా."

ఆయన కలం పట్టుకుని కాసేపు ఊరుకున్నాడు. తరవాత 'కజిన్' అని రాశాడు. అది అబద్ధమని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. ముద్ర కొట్టి రసీదు ఇచ్చాను. ఆయన మెట్లు దిగాక పక్క సీటతను నా వంక చూసి నవ్వాడు. నేనూ నవ్వాను.

ఈ సంగతి మళ్లీ గుర్తుకు రావడానికి కారణం ఒక సినిమా. ఆదివారం మధ్యాహ్నం అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, ఇది నువ్వూ అమ్మా కలిసి చూడండి, మధ్యలో లేవకండి" అని షరతు పెట్టి మరీ చెప్పింది. అది తైవాన్ సినిమా. ఇంగ్లీషులో దాని పేరు 'యువర్ నేమ్ ఎన్‌గ్రేవ్డ్ హియర్‌ఇన్'. చైనీసు పేరుకు 'నీ గుండె అడుగున చెక్కిన పేరు' అని అర్థం. 2020 సెప్టెంబరు చివర్లో తైవాన్‌లో విడుదలైంది. ఆ ఏడాది డిసెంబరులోనే నెట్‌ఫ్లిక్స్ ద్వారా మిగతా దేశాలకు చేరింది. దర్శకుడు లియు కువాంగ్-హుయి తన కుర్రతనపు అనుభవాల్లోంచే ఈ కథను అల్లుకున్నాడు. అది ఇద్దరు మగపిల్లల తొలిప్రేమ కథ.

ఈ మాట చదివి పేజీ తిప్పబోయే పాఠకులకు ఒక్క మనవి. నేనూ మీలాగే ఆ రోజు రిమోట్ వంక చెయ్యి చాపినవాణ్ణే. మా ఆవిడ ఆపింది. ఆపినందుకు ఇప్పుడు కృతజ్ఞుణ్ణి.

ముందు ఒక మాట గురించి చెప్పుకుందాం. ఇలాంటి మనుషుల గురించి రాయవలసి వస్తే మన పత్రికలు చాలాకాలంగా వాడుతున్న పదం 'స్వలింగ సంపర్కులు'. ఆ పదాన్ని ఒకసారి విడదీసి చూడండి. అందులో లింగం ఉంది, సంపర్కం ఉంది, ప్రేమ మాత్రం ఎక్కడా లేదు. ఆడామగా ప్రేమించుకుంటే ప్రేమ అంటాం, వలపు అంటాం, అనురాగం అంటాం. వీళ్ల దగ్గరికి వచ్చేసరికి కోర్టు కాగితాల భాష అందుకుంటాం. ఈ సినిమాలో సంపర్కం సంగతి బహు తక్కువ. ఒకే బండి మీద తిరగడం, అలగడం, ఒకడు మాట్లాడకపోతే ఇంకొకడికి అన్నం సయించకపోవడం, ఇవే ఎక్కువ. మన పాత ప్రేమకథల్లో మనం కళ్లొత్తుకున్నవి సరిగ్గా ఇవే.

కథ 1987లో మొదలవుతుంది. ఆ సంవత్సరం తైవాన్ చరిత్రలో పెద్ద మలుపు. 1949 మే నెల నుంచి ముప్ఫై ఎనిమిదేళ్లపాటు సాగిన సైనిక శాసనాన్ని 1987 జులై 15న ఎత్తేశారు. కాగితం మీద స్వేచ్ఛ వచ్చింది. బడి లోపలికి మాత్రం అది ఇంకా రాలేదు. అక్కడ సైనిక శిక్షణ ఇచ్చే అధికారులు పిల్లల్ని వరసలో నిలబెట్టి దండిస్తూనే ఉంటారు. కథ జరిగేది ఒక కేథలిక్ మగపిల్లల హైస్కూల్లో, దాని హాస్టల్లో. ఆ ఏడాదే మొదటిసారి ఆడపిల్లల్ని చేర్చుకుంటారు.

అక్కడ జియా-హాన్ అనే కుర్రాడు ఉంటాడు. అందరూ ఆ-హాన్ అంటారు. బుద్ధిమంతుడు, బడి బ్యాండు మేళంలో వాయిస్తాడు. కొత్తగా చేరిన ఇంకో కుర్రాడు తన పేరు బర్డీ అని చెప్పుకుంటాడు. 1984లో ఇంగ్లీషు దర్శకుడు ఆలన్ పార్కర్ తీసిన 'బర్డీ' సినిమా నుంచి తెచ్చుకున్న పేరది. పేరుకు తగ్గట్టే పంజరంలో ఇమడని రకం. ఆడంగి వాడని ముద్ర పడ్డ ఒక పిల్లాణ్ణి హాస్టల్లో తోటివాళ్లు చుట్టుముట్టి కొడుతుంటే మిగతావాళ్లు చూస్తూ ఉంటారు. బర్డీ అడ్డం పడతాడు. ఆ-హాన్ పడడు. బర్డీ మీద మనసు పడినవాడికి ఆ ధైర్యం మాత్రం లేకపోయింది. ఆ దృశ్యం దగ్గర నా పక్కసీటు మిత్రుడి నవ్వు, దానికి బదులుగా నా నవ్వు నాకు గుర్తొచ్చాయి.

1988 జనవరి 13న తైవాన్ అధ్యక్షుడు చియాంగ్ చింగ్-కువో చనిపోయాడు. కథలో ఈ ఇద్దరు పిల్లలూ సంతాపం తెలపడానికి రాజధాని తైపేకి వెళతారు. ఊరంతా విషాదం. వీళ్లకు మాత్రం పెద్దల కంట పడకుండా దొరికిన మొదటి రోజులవి. ఒకరి సంతోషానికి తావు దొరకాలంటే దేశమంతా ఇంకో పనిలో ఉండాల్సి వచ్చిందన్నమాట. అదే ప్రయాణంలో వీధిలో ఒక ఒంటరి మనిషి కనిపిస్తాడు. ఇది జబ్బు కాదు అని రాసిన అట్ట పట్టుకుని నిలబడి ఉంటాడు. పోలీసులు లాక్కుపోతారు.

ఆ మనిషి కల్పిత పాత్ర కాదు. ఆయన పేరు చి చియా-వెయ్. 1986లో పత్రికలవాళ్లను పిలిచి తన సంగతి బాహాటంగా చెప్పుకున్నాడు. తన పెళ్లిని నమోదు చెయ్యమని అర్జీ పెట్టాడు. ఆ ఏడాదే అయిదు నెలలకు పైగా నిర్బంధంలో గడిపాడు. ఆయన సంగతి మళ్లీ చెబుతాను.

ఇక దేవుడి దగ్గరికి వద్దాం. నాకు ఈ సినిమాలో అన్నిటికంటే గట్టిగా పట్టుకున్నది ఈ భాగమే. చిన్నప్పుడు మిషన్ బడిలో చదువుకున్న పాఠకులు మనలో చాలామంది ఉంటారు. ఆ ఫాదర్ల కోపం, ఆ ఫాదర్ల ప్రేమ రెండూ ఎరిగిన వాళ్లం. ఈ బడిలో బ్యాండు నేర్పేది ఫాదర్ ఆలివర్. కెనడాలోని క్యుబెక్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. ఫ్రెంచి మాట్లాడే మనిషి. ఈ క్షణాన్ని వదులుకోకుండా బతకండి అని పిల్లలకు ఫ్రెంచి మాట ఒకటి నేర్పుతాడు. సినిమా మొదట్లోనే ఆ-హాన్ దెబ్బలు తిన్న మొహంతో ఈ ఫాదర్ ఎదుట కూర్చుని ఉంటాడు. మనం చూసే కథలో చాలా భాగం అతను ఆయనకు చెప్పుకునేదే.

చూడండి, ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పలేడు. స్నేహితులకు చెబితే తంతారు. ఎవరి వల్ల ఈ బాధ వచ్చిందో వాడికి చెబితే వాడూ పారిపోతాడు. ఇక మిగిలింది ఫాదర్ ఒక్కడే. చెప్పుకుంటే వినవలసిన ధర్మం ఆయనకుంది, బయట పెట్టకూడదన్న నియమమూ ఉంది. కాని ఆయన వింటున్నది మనిషిగానూ, సంఘం తరఫునా. ఆ రెండు చెవులూ ఒకటి కావు. ఈ క్షణాన్ని వదులుకోవద్దని నేర్పిన మనిషే, ఈ కోరికను అదుపులో పెట్టుకో, కాలమే సర్దుతుంది అనవలసి వస్తుంది. ఒక ఘట్టంలో ఆ-హాన్ రగిలిపోతాడు. నన్ను నరకానికే పంపమని ప్రార్థించండి, నన్ను అర్థం చేసుకునేవాళ్లు అక్కడే ఎక్కువమంది ఉంటారేమో అన్న అర్థం వచ్చేలా అరుస్తాడు. ఇది దేవుణ్ణి నమ్మనివాడి మాట కాదు. నమ్మినవాడి మాట. నమ్మకం లేనివాడికి నరకంతో పనేముంది?

ఫాదర్ ఆలివర్ కూడా అదే బాధ మోస్తున్నవాడని మనకు చాలా తరవాత తెలుస్తుంది. తన సంగతి తాను చెప్పుకోలేక, ఎదురుగా ఉన్న కుర్రాడి సంగతి వినవలసి వచ్చిన మనిషి ఆయన. దుర్మార్గుడు కాదు, కపటి అంతకంటే కాదు. తనకు దొరకని అనుమతిని ఇంకొకరికి ఇవ్వలేకపోయాడు, అంతే. ఈ పాత్రను ఇంత దయగా రాసినందుకు రచయితకు నమస్కారం పెట్టాలనిపించింది. మతం మీద కసి తీర్చుకోవడానికి తీసిన సినిమా అయితే ఫాదర్‌ను విలన్ చెయ్యడం ఎంతసేపు?

ఆ కాలానికి ఆయన ఇంకేమనగలడు? కథా కాలానికి సరిగ్గా ఏడాది ముందు, 1986 అక్టోబరులో వాటికన్ ప్రపంచంలోని బిషప్పులందరికీ ఒక లేఖ పంపింది. ఇలాంటి మనుషుల్ని ద్వేషించకూడదని, వాళ్ల మీద దౌర్జన్యం తప్పని అందులో ఉంది. ఆ మొగ్గు మాత్రం సహజ క్రమానికి విరుద్ధమేనని కూడా అందులోనే ఉంది. ఒక చేత్తో తల నిమిరి ఇంకో చేత్తో దూరం పెట్టినట్టు. తరవాత 2013లో పోప్ ఫ్రాన్సిస్ విమానంలో విలేకరులతో మాట్లాడుతూ, దేవుణ్ణి వెతుక్కునే మంచి మనసున్న వాణ్ణి తీర్పు తీర్చడానికి నేనెవర్ని అన్న భావం వెలిబుచ్చాడు. 2023 డిసెంబరులో అలాంటి జంటలకు పెళ్లితో పోలిక రాని పద్ధతిలో ఆశీర్వచనం ఇవ్వవచ్చునని వాటికన్ పత్రం వెలువడింది. పెళ్లి గురించిన బోధన మారలేదు. ఆశీర్వదించే చెయ్యి ఎత్తడానికి మాత్రం 1986 నుంచి ముప్ఫై ఏడేళ్లు పట్టింది. ఆలివర్ లాంటి ఫాదర్లు ఎంతమంది ఈలోగా కాలం చేశారో ఊహించుకోవలసిందే.

మళ్లీ కథకు వద్దాం. బర్డీ మనసులోనూ అదే ఉంది. కాని వాడు పిరికివాడయ్యాడు. ఇతరుల కోసం తన్నులు తినగలవాడు తన విషయంలో పిరికివాడు కావడం చిత్రంగా తోస్తుంది గాని, లోకంలో అదేమంత అరుదు కాదు. కొత్తగా చేరిన ఆడపిల్లల్లో బాన్-బాన్ అనే అమ్మాయితో తిరగడం మొదలుపెడతాడు. ఆ-హాన్‌ను దూరం కొడతాడు. దెబ్బలాటలవుతాయి. చివరికి ఆ-హాన్ ఎవరికీ చెప్పకుండా పెంఘూ దీవులకు పారిపోతే బర్డీ వెతుక్కుంటూ వెళతాడు. ఆ సముద్రపు ఒడ్డున నిజం బయటపడుతుంది. కాని ఏడుపులోనే ఆగిపోతుంది. ఆ తరవాత ఒక రాత్రి ఆ-హాన్ ఫోనులో మాటేమీ మాట్లాడకుండా, అతని కోసం ఉంచుకున్న పాటను రిసీవరు దగ్గర పెట్టి వినిపిస్తాడు. అవతల బర్డీ చప్పుడు చెయ్యకుండా ఏడుస్తాడు. ఈ తరం పిల్లలకు ఆ తీగల ఫోను విలువ తెలియదు. ఎస్టీడీ బూత్ బయట నిలబడి, మీటరు తిరుగుతుంటే చెప్పవలసిన ఒక్క మాట చెప్పకుండానే పెట్టేసిన వాళ్లం మనం. మనకు తెలుసు.

ముప్ఫై ఏళ్లు గడుస్తాయి. బడి బ్యాండు పూర్వ విద్యార్థుల కలయికలో ఆ-హాన్‌కు బాన్-బాన్ ఎదురవుతుంది. ఆమె బర్డీని పెళ్లాడింది. విడాకులూ అయ్యాయి. ఎందుకో ఇప్పుడామెకు తెలుసు. ఈ దృశ్యం కొద్ది నిమిషాలే. నా దృష్టిలో కుటుంబాలవాళ్లు ఈ సినిమా చూడవలసింది ముఖ్యంగా ఇందుకే. ఇద్దరు మగపిల్లలు నిజం చెప్పుకోలేకపోతే నష్టం వాళ్లిద్దరిదే అనుకుంటాం. కాదు. మూడో మనిషి ఉంటుంది. ఆవిడ ఏ పాపమూ ఎరగదు. తనలో ఏం లోపముందోనని యౌవనమంతా వెతుక్కుంటుంది.

'పెళ్లి చేస్తే వాడే దారికొస్తాడు' అన్న మాట మన ఇళ్లల్లో ఎన్నిసార్లు వినలేదు? తాగుబోతుకూ అదే మందు, ఉద్యోగం లేనివాడికీ అదే మందు, ఇలాంటి పిల్లాడికీ అదే మందు. బయటి రాష్ట్రాల్లో ఉన్న మనకు సంబంధాలు దొరకడమే కష్టం. దొరికిన సంబంధం వదులుకోకూడదన్న ఆదుర్దాలో పిల్లవాడు ఎందుకు నసుగుతున్నాడో అడిగే ఓపిక ఉండదు. బ్యాంకు భాషలో చెప్పాలంటే, మన పరువు అనే అప్పుకు ఎవరో పిల్లను జామీను పెడుతున్నాం. ఆ అమ్మాయి ఆ కాగితం మీద సంతకం కూడా చెయ్యలేదు.

చివరి ఘట్టం కెనడాలోని మాంట్రియల్ నగరంలో. ఫాదర్ ఆలివర్ చనిపోయాడు. ఆయన సమాధి చూడడానికి వెళ్లిన ఆ-హాన్‌కు అక్కడే బర్డీ తారసపడతాడు. వాడూ అందుకే వచ్చాడు. యాభైకి దగ్గరపడుతున్న ఆ ఇద్దరుగా లియాన్ డాయ్, వాంగ్ షి-షియెన్ నటించారు. కుర్రవాళ్లుగా నటించిన ఎడ్వర్డ్ చెన్, త్సెంగ్ జింగ్-హువా ఎంత బాగా ఏడిపించారో, ఈ పెద్దవాళ్లు ఏడవకుండా అంత బాగా నటించారు. అప్పుడు నువ్వంటే నాకు నిజంగానే ఇష్టం అన్న మాట ముప్ఫై ఏళ్లు ఆలస్యంగా బయటికొస్తుంది. తరవాత నేను నిన్ను దిగబెడతానంటే నేను నిన్ను దిగబెడతానని రాత్రి వీధుల్లో నడుస్తారు. ఒకప్పుడు ఎవరి దగ్గర నోరు విప్పారో ఆ ఫాదరే, చనిపోయి, వాళ్లిద్దర్నీ కలిపాడు. బతికుండగా ఇవ్వలేని ఆశీర్వాదం అలా ఇచ్చాడనుకోవాలి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కన్నీళ్లు పావువంతు తగ్గించినా కథకు నష్టం లేదు. ఇంతగా పాడైన బాన్-బాన్ బతుకు గురించి ఇంకొంచెం చెప్పవలసింది. మధ్య భాగంలో అలకలు, తగవులు ఒకే చోట తిరుగుతాయి. అయినా తైవాన్ ప్రేక్షకులు దీన్ని నెత్తిన పెట్టుకున్నారు. కరోనా ఏడాదిలో విడుదలై అక్కడి టిక్కెట్ల వసూళ్లలో పది కోట్ల తైవాన్ డాలర్లు దాటింది. ఇలాంటి కథతో వచ్చిన సినిమా అక్కడ అంత వసూలు చెయ్యడం అదే మొదలు. ఆ ఏడాది గోల్డెన్ హార్స్ బహుమతుల్లో ఛాయాగ్రహణానికీ, పాటకూ రెండు అందుకుంది.

ఇప్పుడు ఆ అట్ట పట్టుకున్న మనిషి సంగతి. చి చియా-వెయ్ అర్జీలు పెట్టడం మానలేదు. ఒకటి తోసేస్తే ఇంకొకటి. చివరికి ఆయన వ్యాజ్యం మీదే 2017 మే 24న తైవాన్ రాజ్యాంగ న్యాయస్థానం, ఒకే లింగానికి చెందిన ఇద్దరి పెళ్లిని చట్టం గుర్తించకపోవడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. రెండేళ్లలో చట్టం చెయ్యమంది. మధ్యలో 2018 నవంబరు ప్రజాభిప్రాయ సేకరణలో జనం భారీ ఆధిక్యంతో వద్దన్నారు. అయినా ప్రత్యేక చట్టం వచ్చింది, 2019 మే 24 నుంచి అమలైంది. ఆసియాలో అదే మొదటి దేశం. 1986 నుంచి లెక్క వేస్తే ముప్ఫై మూడేళ్లు. ఆ-హాన్, బర్డీ పోగొట్టుకున్న కాలమూ దాదాపు అంతే.

అన్నట్టు, ఆ కథా కాలపు తైవాన్‌లో మన 377 లాంటి సెక్షన్ లేదు. చట్టం నేరమనకపోయినా ఇల్లు, బడి, గుడి కలిసి ఆ పని చెయ్యగలవని ఈ సినిమా చూపిస్తుంది. మనకైతే 1860లో తెల్లవాళ్లు రాసిన సెక్షనే ఉండేది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు దాని కోర తీసింది. పెళ్లి మాత్రం తాము ఇవ్వగలిగింది కాదని, అది చట్టసభల పని అని 2023 అక్టోబరు 17న అదే కోర్టు చెప్పింది. మంచిదో చెడ్డదో వాదించుకోవడానికి ఈ శీర్షిక చాలదు. నా బల్ల మీదికి వచ్చిన కాగితం గురించి మాత్రం చెప్పగలను. 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థిక శాఖ ఒక ప్రకటన విడుదల చేసింది. ఇలాంటి జంటలు ఉమ్మడి ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ ఏ అడ్డంకీ లేదు అని. దానికి వారం ముందే రిజర్వు బ్యాంకు అన్ని వాణిజ్య బ్యాంకులకూ ఆ సంగతి తెలియజేసింది.

అడ్డంకి లేదు అన్నారే గాని తీసేశాం అనలేదు. గమనించండి. ఎందుకంటే అది అంతకుముందూ లేదు. నామినీ రక్తసంబంధి కానక్కర్లేదని ఆ పాత ఫారమే చెప్పింది కదా, 'ఉన్నచో' అని! అడ్డంకి ఫారంలో లేదు. ఫారం ఇవతల కూర్చున్న నాలో ఉంది.

2017లో నేను అదే శాఖకు మేనేజరుగా తిరిగి వెళ్లాను. ఒక ఉదయం తల నెరిసిన మనిషి ఒకాయన మరణ ధ్రువీకరణ పత్రం పట్టుకుని వచ్చాడు. పేరు చూడగానే ఆ ముత్యాల్లాంటి అక్షరాలు గుర్తొచ్చాయి. పాత ఫైలు తెప్పించాను. నామినీ పేరు సరిపోయింది, గుర్తింపు కార్డు సరిపోయింది. ఇక సంతకం పెట్టించి చెల్లించడమే. ఆయన ఫారం వైపు తొంగి చూసి, బంధుత్వం గడి దగ్గర ఆగిపోయాడు. మొహంలో రంగు మారింది.

"సార్, ఇది తప్పండీ. మేం కజిన్స్ కాదు. ఎందుకలా రాశాడో... దీనివల్ల ఇబ్బందేమైనా ఉంటుందా?"

ముప్ఫై ఒక్క ఏళ్లు కలిసి బతికిన మనిషి పోయి పన్నెండో రోజు కూడా కాలేదు. ఆయన నా ఎదుట కూర్చుని, తనవాడు అబద్ధం రాశాడన్న అవమానాన్నీ, ఆ అబద్ధం కోసం తనను పట్టుకుంటారేమోనన్న భయాన్నీ ఒకేసారి మోస్తున్నాడు. అది ఆయన రాసింది కాదండీ, నేను రాయించాను అని చెప్పవలసిన క్షణం అది.

చెప్పలేదు. "ఏమీ ఫర్వాలేదండీ, బంధుత్వంతో మాకు పని లేదు" అన్నాను. ఆ మాట నిజమే. తొమ్మిదేళ్ల క్రితం ఆయనకు చెప్పవలసిన నిజం. డబ్బు సాయంత్రానికల్లా ఖాతాలో పడింది. ఆయన దండం పెట్టి వెళ్లాడు.

ఆదివారం సినిమా అయ్యాక మా ఆవిడకు ఈ సంగతి మొదటిసారి చెప్పాను. ఆమె వెంటనే ఏమీ అనలేదు. కాఫీ కలిపి తెచ్చాక, "ఆయన ఇప్పుడెక్కడున్నాడో?" అంది. నాకు తెలియదు. చిరునామా ఫైల్లో ఉంటుంది. ఆ చిరునామాకు ఉత్తరం రాయడం నిబంధనలకు విరుద్ధమా అని ఆలోచిస్తున్నాను. ఈ మాటు ఫారం జాగ్రత్తగా చదివాకే నిర్ణయిస్తాను.

పాఠకులకు ఉపయోగపడే ముక్క ఒకటి చెప్పి సెలవు తీసుకుంటాను. 2025 నవంబరు నుంచి ఒక డిపాజిట్‌కు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఎవరి పేరు రాస్తారన్నది మీ ఇష్టం. "ఏమవుతారు?" అని కౌంటరు ఇవతలి నుంచి ఎవరైనా నొక్కి అడిగితే, నామినీకి చుట్టరికం ఉండాలన్న నియమం లేదని నిదానంగా చెప్పండి. అబద్ధం మాత్రం రాయకండి. మన ఇళ్లల్లో పిల్లలెవరైనా ఏదో చెప్పబోయి నసుగుతుంటే, మనం కౌంటరు ఇవతల కూర్చున్నవాళ్లమని ఒక్కసారి గుర్తు తెచ్చుకుందాం.